ట్యూబా ఊదిన బొటనవేలు

“నూమా చెయ్యి తప్పింది,” అంది ఒడెట్ ఫోన్లో.

అవతల పాలకేంద్రంలో జోజియాన్, సాయంత్రం పాలు తోడే మోటారు పక్కన నిలబడి, ఒక చెవిలో వేలూ రెండో చెవికి ఫోనూ పెట్టుకుని, “నూమా చెయ్యి తెగింది” అని విన్నది.

తప్పిన చేతికి మందు లేదు. తెగిన చేతికి ఉంది. జోజియాన్ మందున్న దాన్నే విన్నదంటే అందులో ఆవిడ తప్పు పెద్దగా లేదు. ఆవిడ మా ఊరి ప్రథమ చికిత్స సంఘానికి అధ్యక్షురాలు. ఏళ్ళ తరబడి నెలకోసారి బడి హాల్లో మమ్మల్ని పడుకోబెట్టి, ఏ దెబ్బా తగలని కాళ్ళకీ చేతులకీ కట్లు కట్టి, కట్టి, విసిగిపోయి ఉంది. ఊళ్ళో ఒక్కడూ సరైన గాయం చేసుకోడు. ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది, అదీ పరాయివాళ్ళది కాదు, సొంత అన్నయ్యది.

“అయ్యో వదినా! ఎంత లోతు?”

“అంచుదాకా,” అంది ఒడెట్. ఆవిడ మాట్లాడేది డయలు గురించి.

“రక్తం బాగా పోయిందా?”

“మొహంలో చుక్క లేదనుకో. కిటికీ దగ్గర నిలబడిపోయాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు.”

జోజియాన్ ఫోను వదిలేసింది. పెట్టెయ్యలేదు, వదిలేసింది. అది గోడకి వేలాడుతూ “జోజియాన్? జోజియాన్?” అంటూనే ఉంది. ఆవిడ అప్పటికే వీధిలో ఉంది.

ఇంతకీ నూమా చెయ్యి ఎలా తప్పిందో చెప్పాలి.

నూమా కలామ్ మా లోయలో గడియారాల డయళ్ళ మీద గీతలు చెక్కేవాడు. ఫ్యాక్టరీలన్నీ అచ్చు గుద్దిన డయళ్ళకి మారిపోయాక కూడా వాడు ఇంటి మేడమీద, దక్షిణం వైపు కిటికీల వరస కింద, తాత నాటి ఇనప యంత్రం ముందు కూర్చుని చేత్తోనే చెక్కేవాడు. ఎడం చేత్తో పిడి తిప్పాలి. కుడి బొటనవేలితో చిన్న ఉలిని వెండి బిళ్ళ మీదికి నొక్కిపట్టాలి. యంత్రంలో అంచంతా అలలుగా ఉన్న ఇత్తడి చక్రం ఒకటి ఉంటుంది. దాని ఒంపుల ప్రకారం బిళ్ళ ఊగుతుంది, గీత అలలాగా పడుతుంది. ఒక చుట్టు, ఒక గీత. ఉలిని వెంట్రుకవాసి పక్కకి జరుపు, మళ్ళీ చుట్టు. నడిమధ్య నుంచి అంచుదాకా అలా పోతే, చివరికి బిళ్ళని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పినప్పుడు చెరువు మీద గాలి నడిచినట్టుంటుంది. గడియారంలో ముల్లు గుచ్చుకోనిది, డయలు గుచ్చుకునేది నూమా దగ్గరే అని మేమనేవాళ్ళం, చూపు అక్కడే చిక్కుకునేది కాబట్టి.

యంత్రం అలనిస్తుంది. లోతునివ్వదు. లోతు బొటనవేలిది. అందుకే ఆ పనిలో కొన్ని కట్టుబాట్లు. గీత మధ్యలో ఆగకూడదు, మాట్లాడకూడదు. మొదలెట్టిన చెయ్యే ముగించాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు, ఆ గదిలో తాళం వినపడకూడదు. పాట గానీ, రేడియో గానీ, ఎవరైనా గుమ్మం దగ్గర కాలితో టపటపలాడించడం గానీ. ఆఖరికి గడియారం కూడా. గడియారాల మీద బతికే ఆ ఇంట్లో, ఆ ఒక్క గదిలో ఆడే గడియారం ఉండదు. టిక్కుటిక్కు చెవిలో పడిందా, బొటనవేలు దానికి తల ఊపుతుంది. వేలు తల ఊపితే వెండి మీద మచ్చ. నూమా తాత వాన పడినా ఉలి పక్కన పెట్టేవాడట, చూరు నీళ్ళు తాళం వేస్తాయని.

ఈ సంగతి నూమాకి తెలియదా? ఊళ్ళో పిల్లికి కూడా తెలుసు. పిల్లి గురకపెడుతుందని దాన్ని కూడా మేడెక్కనిచ్చేవాడు కాదు.

వాడి గొంతు మాత్రం గదిలో పట్టేది కాదు. మా ఊరి బ్యాండులో ట్యూబా, ఆ బూం బూంమనే పెద్ద ఇత్తడి బాకా, వాడిదే. ట్యూబాకీ నూమాకీ తేడా ఏమిటంటే, ట్యూబాని ఊదాలి, నూమా తనంతట తనే ఊదరగొడతాడు. “నేను లేకపోతే మీ మార్చి కుంటుతుంది,” అని ప్రతి కవాతు పాట సాధనలోనూ అనేవాడు. బ్యాండు నడిపే గాస్టన్ మేష్టారు కళ్ళజోడు పైనుంచి చూసి, “నువ్వుండగా కూడా పాట మూడో వరసలో కుంటుతూనే ఉంది నాయనా, నువ్వు తొందరపడే చోట,” అనేవారు.

ఆ గాస్టన్ మేష్టారు మా అందరికీ బళ్ళో అక్షరాలు చెప్పారు, బడి అయ్యాక హాల్లో స్వరాలు చెప్పారు. ఈ వేసవికి బ్యాండు నడిపే కర్ర దించేస్తానన్నారు. ఊరు ఊరంతా కూర్చుని, ఆయనకి గడియారం ఇవ్వాలనీ, దాని డయలు నూమా చెక్కాలనీ తీర్మానించాం. వెండి ఎక్కడిదయ్యా అంటే, ఆయన బ్యాండు చేపట్టిన మొదటి ఏడాది పోటీలో గెలిచిన కప్పు బడి హాలు బీరువాలో ఉంది. దాన్నే కరిగించారు. తీరా చూస్తే కాళ్ళూ చెవులూ తప్ప పొట్టంతా రాగి. కప్పు పనే కప్పిపుచ్చడం కదా! ఆ చెవుల్లోంచీ కాళ్ళల్లోంచీ సరిగ్గా ఒక్క బిళ్ళకి సరిపడా వెండి వచ్చింది. రెండో బిళ్ళ లేదు. రెండో కప్పూ లేదు. ఆ తర్వాత మేమెప్పుడూ గెలవలేదు.

ఆ సాయంత్రం సాధన ఉంది. డయలు ముగించాలని నూమా రానన్నాడు. మేం వీధికి అవతల బడి హాల్లో మొదలెట్టాం. వాడు కిటికీలన్నీ బిగించుకుని కూర్చున్నాడు. బిళ్ళ సగం దాటింది. అద్భుతంగా వస్తోంది. అప్పుడు వాడికొక కోరిక పుట్టింది. తను లేకుండా మార్చి ఎలా కుంటుతుందో వినాలి.

లేచాడు. కిటికీ రెక్క ఒకటి తీశాడు. వచ్చి కూర్చున్నాడు.

మార్చి కుంటలేదు. చక్కగా నడిచింది. ఇంకా చెప్పాలంటే కొంచెం తేలిగ్గా, బరువు దిగిన గుర్రంలాగా నడిచింది. నూమాకి చివుక్కుమంది. “లేదు, ఎక్కడో లోటుంది, నా బూం లేదు కదా,” అనుకుంటూ పిడి తిప్పాడు. బూం ఉండాల్సిన ప్రతిచోటా వాడి ఒళ్ళు ఆ బూం పలికింది. ఒళ్ళు పలికితే వేలు పలకదా? మార్చి చివరిదాకా వాయించాం మేము. అంచు చివరిదాకా వాయించాడు వాడు.

ఆపి, భూతద్దం కంటికి తగిలించుకుని చూశాడు. వెండి చెరువు మీద గాలి నడవడం లేదు. బూట్లేసుకుని మా బ్యాండు నడుస్తోంది. సగం దాకా నున్నటి అల. అక్కడినుంచి అంచుదాకా బూం, బూం, బూం, లోతుగా దిగిన నల్లటి నొక్కులు, వరసగా, తాళం తప్పకుండా.

“ఒడెట్! చెయ్యి తప్పింది!” అని అరిచాడు. ఒడెట్ వచ్చి చూసి, వీడ్కోలు సభ ఏర్పాట్లు చూస్తున్న జోజియాన్‌కి చెబుదామని కిందికెళ్ళి ఫోను తీసింది. తక్కిందంతా మోటారు చేసింది.

మోటారు అంతవరకే చేసింది. అది గుర్తుపెట్టుకోండి.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. ముందు జోజియాన్, వెనక స్ట్రెచరు మోసుకుంటూ అగ్నిమాపక దళం, అంటే రొట్టెలాయనా వాళ్ళ బావమరిదీ, వాళ్ళ వెనక సాధన మధ్యలోంచి లేచొచ్చిన బ్యాండు మొత్తం, ఎవరి వాయిద్యం వాళ్ళ చేతుల్లో. బ్యాండు ముందు కర్ర చేత్తో పట్టుకుని, టోపీ లేకుండా, గాస్టన్ మేష్టారు. ఆ వయసులో అన్ని మెట్లు ఆయన ఎలా ఎక్కారో ఆయనకే తెలియదు.

నూమాకి ఇదంతా ఎందుకో తెలియదు. వాడికి తెలిసిందల్లా ఒకటే, డయలు వీళ్ళ కంట పడకూడదు. బల్ల మీదున్న నూనెగుడ్డ లాగి, డయలు గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిట మీద గుడ్డ చుట్టేశాడు.

జోజియాన్ చూసింది గుడ్డ చుట్టిన చెయ్యి.

“విప్పకు! ఎవరూ విప్పకండి! గాయం మీది గుడ్డ కదపకూడదు, మొదటి నియమం!” సంచీలోంచి తెల్ల గుడ్డ తీసి, గుడ్డ మీద గుడ్డగా, మణికట్టుదాకా, మోచేతిదాకా చుట్టింది. కట్టు చూస్తే చెయ్యి కాదు, తేనెపట్టు.

“జోజియాన్, ఏమిటే ఇది...” అన్నాడు నూమా.

“మాట్లాడకు అన్నయ్యా! ఓపిక పోతుంది!”

గాస్టన్ మేష్టారు మనిషి సున్నం కొట్టిన గోడలా ఉన్నారు. “నూమా, వేళ్ళున్నాయా?”

“ఉన్నాయి మేష్టారూ.”

“డయలు?”

“పోయింది మేష్టారూ.”

రెండూ నిజాలే. రెండు నిజాల్ని కలిపి కట్టు కడితే అంత పెద్ద కట్టుకథ తయారవుతుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మేష్టారు నూమా పనిపీట మీద కూలబడ్డారు. “నా కోసం,” అన్నారు. “నా గడియారం కోసం.”

గుమ్మంలో ఒడెట్ నోరు తెరిచింది. నూమా ఆవిడ వంక చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో వాడు అంత చిన్నబోయి ఎప్పుడూ చూడలేదు. ఆవిడ నోరు మూసుకుంది. తెరిచిన నోరు మూసినందుకు తర్వాత ఆవిడా సిగ్గుపడింది.

అందరూ వెళ్ళాక ఒడెట్ అంది. “వెళ్ళి చెప్పు. ఇప్పుడే. మెట్లు దిగి ఉండరు.”

“రేపు చెబుతాను.”

“రేపటికి ఇది ముదురుతుంది.”

“వాళ్ళ కప్పు కరిగించి నా చేతిలో పెట్టారు ఒడెట్. కిటికీ తీశానని ఎలా చెప్పను? ఎందుకు తీశావంటే ఏం చెప్పను? నేను లేకపోతే వాళ్ళు బాగా వాయించలేరని వినడానికి తీశాననా?”

“కిటికీ తీసిన చేత్తోనే నోరు కూడా తియ్యి.”

వాడు తియ్యలేదు. మర్నాటికి ముదరనే ముదిరింది. పొద్దున్నే టార్టులు, పైన పళ్ళూ కూరలూ పరిచి కాల్చిన రొట్టెలు, రావడం మొదలైంది. పుల్లటి రూబార్బ్ కాడల టార్టు, ఉల్లి టార్టు, మెలనీ మామ్మ పంపిన ఎండు ప్లమ్ పళ్ళ టార్టు. మెలనీ మామ్మ ఊరందరిలోకీ పెద్దది, చెవులు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి, పళ్ళు ఇంకా కొలువులో ఉన్నాయి. చేతులు వణికే ఆ ముసలావిడ పిండి కలిపి పంపిందంటే ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు. రొట్టెలాయన వెన్న రొట్టె తెచ్చి, “ముక్కలు కోసే తెచ్చా, మీరు కొయ్యలేరుగా,” అన్నాడు. నూమా ముక్క నమిలాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. ఒడెట్ అసలు ముట్టుకోలేదు.

“తినవేం?”

“చెయ్యి తెగినవాళ్ళకి తెచ్చారు. నాకు రెండు చేతులూ ఉన్నాయి.”

“నాకూ ఉన్నాయి కదే...”

“ఆ సంగతి నాకు చెబుతావేం? బయట చెప్పు.”

జోజియాన్ డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాలంది. నూమా బస్సెక్కి పట్నం వెళ్ళి, స్టేషన్ ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని, కాఫీ మీద కాఫీ తాగి, మళ్ళీ బస్సెక్కి వచ్చాడు.

“డాక్టరేమన్నాడు అన్నయ్యా?”

“విప్పొద్దన్నాడు.”

“చెప్పానా! కట్టు గురించేమన్నాడు?”

“ఎవరు కట్టారని అడిగాడు.”

జోజియాన్ ఆ సాయంత్రం పాలు కొలిచేటప్పుడు ప్రతి పాలవాడికీ ఈ మాట చెప్పింది. చెల్లెలి మొహంలో అంత వెలుగు నూమా ఎప్పుడూ చూడలేదు. ఆ వెలుగు కూడా దొంగసొత్తే, తనే తెచ్చిచ్చాడు.

డయలింకా కట్టులోనే ఉంది. తీసి దాచొచ్చు. కానీ ఎక్కడ దాచినా సాయానికని వచ్చే ఆడవాళ్ళు ఇల్లంతా ఊడుస్తున్నారు. పైగా అది లేకపోతే కట్టు సన్నబడుతుంది. అరచేతిలో దాని అంచు గుచ్చుకుంటూనే ఉంది. ఇన్నాళ్ళూ ముల్లు గుచ్చుకోదు డయలే గుచ్చుకుంటుందని మేమన్న హాస్యం ఒకటుందే, అది ఆ వారం వాడి అరచేతిలో నిజమైంది.

రొట్టెలాయన ఇంట్లో ఫొండ్యూకి పిలిచారు. ఎడం చేత్తో పుల్లకి గుచ్చిన రొట్టెముక్క కరిగిన జున్నులో ముంచాడు, ముక్క జారిపోయింది. మా దగ్గర ముక్క జార్చుకున్నవాడు పాటైనా పాడాలి, ఇంకేదైనా శిక్షైనా పడాలి. ఒక్కడూ నవ్వలేదు. “పర్లేదులే నూమా, నీకు శిక్ష లేదు,” అన్నారు. శిక్ష లేదన్న మాట కన్నా పెద్ద శిక్ష వాడికింతవరకూ పడలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు “మన సోదరుడి హస్తం” కోసం ప్రార్థించారు. అందరూ తలలు వంచారు. నూమా అందరికన్నా కిందికి వంచాడు. వాడి భక్తికి వెనక వరసలో ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఇవన్నీ వాడు మోసేవాడే. వాడు మొయ్యలేనిది పెరట్లో ఉంది.

ప్రతి పొద్దున్నా గాస్టన్ మేష్టారు వచ్చి నూమా చలికాలపు కట్టెలు కొడుతున్నారు. చెప్పకుండా వస్తారు, గొడ్డలి తీసుకుంటారు, కొడతారు. అంత వయసు మనిషి. ఒక దెబ్బ కొట్టి, నడుం పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఇంకో దెబ్బ.

మూడో నాడో నాలుగో నాడో నూమా పెరట్లోకి వెళ్ళాడు. “మేష్టారూ, మీరు కొట్టకండి. మీకు దణ్ణం పెడతాను.”

“ఏ చేత్తో పెడతావు?” అన్నారు మేష్టారు. హాస్యానికే అన్నారు, కానీ అంటూనే ఆయన మొహం ముడుచుకుపోయింది. గొడ్డలి ఆనించి మొద్దు మీద కూర్చున్నారు.

“నీకో మాట చెప్పాలి నూమా. గడియారం వద్దు వద్దన్నాను కదా అందరి ముందూ? అబద్ధం. నాకు కావాలి. ఆ కప్పు వెండి, నీ చేతి గీతలు, నా మణికట్టు మీద. హాల్లో కర్ర ఎత్తినప్పుడు అందరికీ తళుక్కుమని కనపడాలని. గర్వం. ముసలి గర్వం. దానికి నీ చెయ్యి పోయింది.”

“మేష్టారూ, గర్వం మీది కాదు...”

“నువ్వు మంచివాడివి, అలాగే అంటావు. విను. శనివారం సభకి వస్తాను, ఊరు బాధపడుతుందని. కర్ర మాత్రం ఎత్తను. ఒకడి చెయ్యి తిన్న చేత్తో కర్ర ఎలా ఎత్తేది?”

నూమా నోరు తెరిచాడు. ఊరంతటికీ వినపడే గొంతు. అందులోంచి గాలి మాత్రం వచ్చింది. “కట్టెలు చాలు మేష్టారూ,” అన్నాడు.

“కట్టు విప్పేదాకా కొడతాను,” అన్నారాయన.

శనివారం బడి హాలు నిండిపోయింది. వేదిక మీద బ్యాండు కూర్చుంది. ట్యూబా వరసలో నూమా కుర్చీ ఖాళీగా ఉంచారు. ఖాళీగా కూడా కాదు, కుర్చీలో ట్యూబాని కూర్చోబెట్టి దాని మెడకి ఎర్ర రిబ్బను కట్టారు. ముందు వరసలో, మధ్యలో, నూమాకి మెత్తటి కుర్చీ వేశారు. దాని చేతి మీద ప్రత్యేకంగా దిండు, కట్టు ఆనించుకోవడానికి. ఆ దిండు ఎవరు పెట్టారో గానీ, వాడికి దాన్ని నోట్లో కుక్కుకోవాలనిపించిందని తర్వాత వాడే చెప్పాడు.

గాస్టన్ మేష్టారు లేచారు. కర్ర రెండు చేతులతో పట్టుకున్నారు. “మీరంతా నాకు గడియారం ఇద్దామనుకున్నారు,” అన్నారు. “మీ దయ. కానీ నా ముచ్చట ఒక పనివాడి చెయ్యి తీసింది. ఇన్నేళ్ళు మీ పిల్లలకి ‘మీవల్ల ఇంకొకరికి నష్టం జరిగితే తలొంచి ఒప్పుకోండి’ అని చెప్పాను. ఇప్పుడు నా వంతు. నన్ను క్షమించు నూమా.” తల వంచారు. వంచి, నడిచి, కర్రని ట్యూబా ఒడిలో పెట్టారు.

హాల్లో ముక్కు చీదుకునే చప్పుళ్ళు. నూమా పక్కన ఒడెట్ లేదు, ఆవిడ గోడవారగా నిలబడి ఉంది. వాడి వంక చూడటం లేదు. ఆవిడ నేల వంక చూస్తోంది.

నూమా లేచాడు.

“లేవకు అన్నయ్యా!”

ఎడం చేత్తో కట్టు కొస పట్టుకుని లాగాడు.

“విప్పకు! ఎవరైనా ఆపండి! నియమం!”

జోజియాన్ పరిగెత్తుకొచ్చేసరికి మోచెయ్యి బయటపడింది. మణికట్టు బయటపడింది. వారం రోజుల తెల్ల గుడ్డ కాళ్ళ దగ్గర కుప్ప పడుతోంది. అది ఎంతకీ అవలేదు, జోజియాన్ అంత బాగా కట్టింది. చివరికి నూనెగుడ్డ వచ్చింది. అదీ వచ్చేసింది. గుప్పిట విప్పాడు. అయిదు వేళ్ళు. గీతైనా పడని అయిదు వేళ్ళు. అరచేతిలో వెండి బిళ్ళ, దాని అంచు ఒత్తుకున్న ఎర్రటి వలయం.

గాస్టన్ మేష్టారు ముందు బిళ్ళ చూడలేదు. నూమా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తడిమారు, బొటనవేలు రెండుసార్లు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత బిళ్ళ తీసుకుని దీపం కిందికి నడిచి, కళ్ళజోడు సర్దుకుని, మెల్లగా తిప్పడం మొదలెట్టారు. పెదాలు కదులుతున్నాయి.

“బూం... బూం...” అన్నారు మేష్టారు. “బూం బూం.” ఆగారు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. “ఇది మన మార్చి.”

“అవును మేష్టారూ.”

“మూడో వరసలో తొందరపడ్డావు.”

“అవును మేష్టారూ.”

“ఎప్పుడూ అక్కడే.” కళ్ళల్లో నీళ్ళు ఆరిపోయాయి. ఆరిన చోటికి కోపం వచ్చింది. మేష్టారికి కోపం రావడం బడి వదిలాక మేమెవరం చూడలేదు. “ఇది అంచుదాకా చెక్కి ఉంది. చెయ్యి తెగినవాడు అంచుదాకా ఎలా చెక్కాడు?”

నూమా చెప్పాడు. కిటికీ సంగతీ, మార్చి సంగతీ, గుడ్డ సంగతీ. కాఫీ హోటలు సంగతి కూడా చెప్పాడు. కానీ చెప్పింది మొదటి వరసకే వినపడింది. ట్యూబాలో మేజోడు కుక్కినట్టుంది గొంతు. రెండో వరస “ఏమిటి? ఏమిటి?” అంది. మూడో వరస రెండో వరసని అడిగింది. జోజియాన్ నేల మీద కూర్చుని, చేతికి అలవాటైన పని కాబట్టి కట్టుగుడ్డని ఉండ చుడుతోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

గాస్టన్ మేష్టారు వేదికెక్కారు. ట్యూబా ఒడిలోంచి కర్ర తీసుకున్నారు. ఎత్తనన్న కర్ర ఎత్తి, నూమా వైపు చూపించారు.

“అందరికీ చెప్పు. వెనక దాకా. నా మార్చిలో ఎంత గట్టిగా ఊదేవాడివో అంత గట్టిగా.”

నూమా హాలు వైపు తిరిగాడు. రొట్టెలాయన, పాస్టరు గారు, టార్టులు తెచ్చిన ఆడవాళ్ళు, స్ట్రెచరు మోసిన బావమరిది. అందరి మొహాలూ వాడికి తెలిసినవే. ఒక్కటీ తెలిసినట్టు లేదు.

“చెయ్యి తెగలేదు,” అన్నాడు.

“వినపడలేదు!” అంది చివరి వరసలోంచి మెలనీ మామ్మ.

“చెయ్యి తెగలేదు మామ్మా. తప్పింది.”

“ఏం తెగింది?”

“ఏమీ తెగలేదు!” హాలు అద్దాలు అదిరాయి. వాడి అసలు గొంతు వచ్చింది, దానితోపాటు వాడి కళ్ళ నీళ్ళూ వచ్చాయి. “ఒడెట్ ఫోన్లో ‘తప్పింది’ అంది! పాల మోటారు చప్పుడులో జోజియాన్ ‘తెగింది’ అని విన్నది! అంతవరకు ఎవరి తప్పూ లేదు! మీరంతా మెట్లెక్కి వచ్చినప్పుడు నేను గుప్పిట విప్పితే అయిపోయేది! విప్పలేదు! కిటికీ తెరిచింది నేను! డయలు పాడుచేసింది నేను! గుప్పిట మూసింది నేను! మేష్టారు ఎవరి చెయ్యీ తియ్యలేదు!”

గోడవారగా ఒడెట్ తలెత్తింది.

“ఇప్పుడు వినపడింది,” అంది మెలనీ మామ్మ. కాసేపు ఆలోచించుకుంది. “అయితే మరి నా ప్లమ్ టార్టు?”

“తిన్నాను మామ్మా.”

“ఎంత?”

నూమా చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, బళ్ళో బల్ల ముందు నిలబెట్టిన పిల్లాడిలా.

“మొత్తం,” అన్నాడు, ఈసారి ఒక్కసారికే వెనక దాకా వినపడేలా.